ఏడు రోజుల తేడా

కోడిగుడ్డుకి ఇరవై ఒక్క రోజులు.
సీమకోడి గుడ్డుకి ఇరవై ఎనిమిది.
ఈ లెక్క తెలియక పోయినేడాది
ఐదు గుడ్లు మురగబెట్టుకున్నాను.

ఈసారి గోడ మీద బొగ్గుతో గీతలు గీశాను.
ముందు మచ్చలగుడ్లు నాలుగు, నల్లపెట్ట కింద.
వారం పోయాక, చీకటి పడ్డాక,
పొట్ట కిందకి చెయ్యి పోనిచ్చి
దాని గుడ్లే ఆరు, దానికే దొంగతనంగా ఇచ్చాను.
వేలి మీద ఒక్క పోటు పొడిచింది. అంతే.
లెక్క నాది, పొదగడం దానిది.

పక్కింటి అంజలై వీటిని వాన్‌కోళి అంటుంది.
ఆకాశపు కోడి!
పిట్టగోడ ఎక్కడానికే మూడుసార్లు ఆలోచించే పక్షికి
ఆకాశమట.
మా ఇంట్లో మాత్రం సీమకోడి.
"ఏ సీమ, అవ్వా?" అంది మనవరాలు.
ఏం చెప్పను,
మాధవరం పాలడిపో వెనక మూడో వీధిలో పుట్టాయివి.
నేనూ ఇక్కడే పుట్టాను.
రేషన్ షాపు వాడికి నేనింకా గొల్టినే.

ఇరవై ఎనిమిదో రోజు తెల్లారేసరికి
తట్టలో తొమ్మిది ప్రాణాలు.
ఒక మచ్చలగుడ్డు చల్లగా ఉండిపోయింది.

కోడిపిల్లలు దిగిన గంటకే నేల గీకాయి.
సీమపిల్లలు మూడూ నూకల్లో నిలబడి
ఆకలికి అరుస్తున్నాయి.
కాళ్ళ కిందే తిండి. అది తిండని తెలీదు.
ముక్కు పట్టి ముంచితే తప్ప నీళ్ళు నీళ్ళని తెలీదు.
ఉడికిన గుడ్డు చిదిపాను, ఉల్లికాడ సన్నగా తరిగాను,
వేలితో నేలని టకటకా కొట్టి చూపించాను.
నా వేలు వాటికి ఆనలేదు.

అప్పుడు పసుపుచారల కోడిపిల్ల ఒకటి
నడుమ దూరి వచ్చి
పచ్చముక్కని టక్కున పొడిచింది.
సీమపిల్ల మెడ వంచి చూసింది.
ముందు ఆ పిల్ల ముక్కుని పొడిచింది,
తర్వాత ఉల్లికాడని.

ఆ రోజు నేను అన్నం తిన్నది మూడింటికి.

నాలుగు నెలలకి తల్లికి రెండింతలయ్యాయి.
అయినా చీకటి పడితే నల్లపెట్ట రెక్క కిందే తలలు,
మూడూ కలిసి దూరితే
పెట్టే గాల్లోకి లేచేది,
కసురుకుంటూ మళ్ళీ వాటి మీదే కూర్చునేది.
పెరంబూరు రైల్వే క్వార్టర్స్ డిక్రూజ్ గారొచ్చి
పెద్దదాన్ని చూసి, మెడ ఎరుపు మెచ్చుకుని,
క్రిస్మస్‌కని ఎనిమిది వందలు అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారు.

కార్తీకంలో వాన
పెరట్లో మడమలోతు నిలిచింది.
నీళ్ళు తీశాక చిన్నది తల వేలాడేసింది.
రెట్ట చూస్తే
ఆవపిండి కలిపినట్టు పచ్చగా.
రెండు రోజులు. మూడోనాడు లేదు.
సున్నం చల్లి పాతాను.
నల్లపెట్ట వచ్చి ఆ మట్టే గీకబోతే
చీపురుతో తోలాను, ఎన్నడూ లేనిది.

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల,
కొత్త కళ్ళజోడు.
"కోళ్ళ కడుపులో ఉండే పురుగమ్మా ఇది.
వాటినేం చెయ్యదు. వీటిని బతకనివ్వదు.
రెంటినీ కలిపి పెంచకూడదు."
వీటికి తినడం నేర్పిందెవరు తల్లీ, అనబోయి
మందుచీటీ తీసుకుని వచ్చేశాను.

అడ్వాన్సు డబ్బుతోనే ఇనపవల కొన్నాను.
అంజలై కొడుకు మేకులు కొట్టాడు,
కూలి వద్దన్నాడు, టీ తాగాడు.
ఆ రాత్రి ఇటు నల్లపెట్ట, అటు ఆ రెండూ.
కొత్త వల మధ్యలో ఉబ్బిపోయింది
వాటి బరువుకి.

డిక్రూజ్ గారు ఫోన్ చేశారు, ఎంత తూగుతుందని.
ఇంకా తూచలేదన్నాను.
అబద్ధమేం కాదు.

పొద్దున్నే రెండు పళ్ళేలు నింపి
ముందు సీమకోళ్ళకే పెడతాను.
కదలవు.
వల అవతల నల్లపెట్ట
మొదటి గింజ పొడిచేదాకా
మెడలు వంచి, చూస్తూ,
అలా నిలబడే ఉంటాయి.